టీవీ వెనక స్టిక్ పెట్టాక వచ్చే తంటాలు

పదేళ్ల నాటి టీవీ బొమ్మ ఇంకా బాగానే చూపిస్తుంటే, ఓటీటీ కోసం కొత్త స్మార్ట్ టీవీ కొనక్కర్లేదు. వెనక ఒక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే చాలు. దానికి తగిలించి, ఇంట్లో వైఫైకి కలిపే వేలెడంత స్టిక్కుతో ఆహా, ఈటీవీ విన్, యూట్యూబ్ అన్నీ వచ్చేస్తాయి. అమెజాన్ వాళ్ల ఫైర్ టీవీ స్టిక్ మన దేశానికి వచ్చిన 2017లో దాని ధర 3,999 రూపాయలు. తంటా అంతా కొన్న వారం తర్వాత, "ఆగి ఆగి వస్తోంది" అన్న దగ్గర మొదలవుతుంది. చాలాసార్లు తప్పు స్టిక్కుది కాదు.

ముందు కరెంటు సంగతి చూడండి. టీవీకి యూఎస్‌బీ పోర్టు ఉంది కదా అని స్టిక్ వైరు అందులో పెట్టేస్తారు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్. డబ్బాలో వచ్చే అడాప్టరు 5 వోల్టులు, 1 ఆంపియర్. మెనూలో తిరుగుతున్నంతసేపూ ఆ అర ఆంపియర్ సరిపోయినట్టే ఉంటుంది. సినిమా మొదలై ప్రాసెసరూ వైఫై రెండూ గట్టిగా పనిచేసేసరికి చాలదు. స్టిక్ ఆగిపోయి, మళ్లీ లోగో పడి కథ మొదటికొస్తుంది. అడాప్టరునే గోడ సాకెట్‌కు పెట్టండి, దాంతో వచ్చిన వైరే వాడండి.

తర్వాత వైఫై. గోడకూ టీవీ వీపుకూ మధ్య ఇరుక్కున్న స్టిక్కుకు సిగ్నల్ సరిగా అందదు. డబ్బాలో వచ్చే చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ అందుకే, పారేయకండి. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ పోటీ పడుతుంటాయి కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. రెండు గోడలు దాటితే అదీ నీరసిస్తుంది. అప్పుడు రూటర్‌నే హాల్లోకి తేవాలి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క 1080పి, అంటే ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కెకి 15. ఈ లెక్కన ఒక్క టీవీ కోసం 200 ఎంబీపీఎస్ ప్లాను దండగే. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చేవాళ్లు మాత్రం డేటా చూసుకోవాలి. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా అయిపోతుంది, రోజుకు 2 జీబీ ప్లాను ఇంటర్వెల్‌కే చేతులెత్తేయవచ్చు.

నెట్టు బాగుండి కూడా న్యూస్ ఛానల్ కింద స్క్రోలింగ్ కుదుపులతో పాకుతోందా? మన టీవీ ప్రసారాలు సెకనుకు 25, 50 ఫ్రేముల లెక్కలో నడుస్తాయి. స్టిక్ మామూలుగా బొమ్మను 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు పంపుతుంది. యాభైని అరవైలో సర్దాలంటే కొన్ని ఫ్రేములను రెండుసార్లు చూపక తప్పదు. మనుషులు కూర్చుని మాట్లాడే సీన్లో అది కంటికి ఆనదు, ఒకే వేగంతో కదిలే అక్షరాల్లో మాత్రం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఫైర్ స్టిక్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లే అండ్ సౌండ్స్, డిస్‌ప్లేలోకి వెళ్లి రిజల్యూషన్‌ను 1080పి 50 హెర్ట్జ్ చేస్తే స్క్రోలింగ్ సాఫీ అవుతుంది. సినిమాలది 24 ఫ్రేముల లెక్క. అవే ఎక్కువ చూసేవాళ్లు అక్కడే ఉన్న మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ ఆన్ చేసుకోవాలి. దాన్ని పట్టించుకోని యాప్‌లూ ఉన్నాయి.

బొమ్మ వచ్చి మాట రాకపోతే స్టిక్ సెట్టింగ్స్‌లో సరౌండ్ సౌండ్‌ను పీసీఎం అనే మామూలు సౌండ్‌కు మార్చి చూడండి. చాలా పాత టీవీలకూ స్పీకర్లకూ డాల్బీ డిజిటల్ ప్లస్ అనే సౌండ్ ఫార్మాట్ అర్థం కాదు.

డబ్బా మీద "8కె" అని రాసుకున్న ఊరూపేరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల జోలికి మాత్రం పోవద్దు. సినిమాలు కాపీ కాకుండా కాపాడే గూగుల్ వాళ్ల తాళం వైడ్‌వైన్. అందులో పై స్థాయి అయిన ఎల్1 అనుమతి లేని బాక్సుకు నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. 4కె టీవీ మీద మసక బొమ్మ చూస్తూ నెట్టును తిట్టుకోవడమే మిగులుతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే డీఆర్‌ఎం ఇన్ఫో యాప్‌లో ఎల్1 ఉందో, కింది స్థాయి ఎల్3 ఉందో చూసుకోవచ్చు.

ఇక కేబుల్ పీకేయాలా అన్న ప్రశ్న. క్రికెట్ పిచ్చి ఉన్న ఇంట్లో తొందరపడొద్దు. స్ట్రీమింగ్‌లో లైవ్ వెనకబడుతుంది, పక్కింటి కేబుల్‌లో వికెట్ పడ్డ అరుపు వినిపించాక మన బౌలర్ పరుగు మొదలెడతాడు. నంబరు నొక్కి సీరియల్ పెట్టుకునే అమ్మమ్మ ఉన్న ఇంట్లోనూ అంతే. కేబుల్ బాక్సు హెచ్‌డీఎంఐ 1కి, స్టిక్ 2కి పెట్టి రెండూ ఉంచండి. స్టిక్ రిమోట్‌లో హోమ్ నొక్కగానే టీవీ దానంతటదే స్టిక్కుకు మారిపోతుంటే అది సీఈసీ పని, అంటే హెచ్‌డీఎంఐ ద్వారా ఒక పరికరం ఇంకోదాన్ని నడిపించే సదుపాయం. టీవీ సెట్టింగ్స్‌లో సామ్‌సంగ్‌కు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీకి సింప్‌లింక్, సోనీకి బ్రావియా సింక్ అన్న పేర్లతో ఉంటుంది. సీరియల్ మధ్యలో మనవడు హోమ్ నొక్కేస్తుంటే దాన్ని ఆపేయండి. లేదంటే టీవీ రిమోట్‌లో సోర్స్ బటన్ మీద ఎర్ర టేపు ముక్క అతికించి, అది నొక్కి హెచ్‌డీఎంఐ 1కి రావాలని అమ్మమ్మకు చూపించండి.