సర్ఫింగ్‌కి క్లాసులు కావాలా? నా అనుభవం

సర్ఫింగ్ నేర్చుకోవాలంటే క్లాసులు కావాలా, యూట్యూబ్ చూసి మన తీరంలోనే దిగిపోతే సరిపోదా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. కావాలి. కాకపోతే ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నది ముందు తేల్చుకోండి. డబ్బు కట్టించుకుని అవమానించి పంపేవాళ్ళు కూడా ఈ పనిలో ఉన్నారు. చెన్నై దగ్గరి కోవళం నుంచి మొన్ననే తిరిగొచ్చాను, ఆ వేడి మీదే ఇది రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం. ఈత ముందే వచ్చు, చిన్నప్పుడు నాగావళిలో మా మావయ్య నేర్పాడు. ఇంట్లో ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. "నల్లబడిపోతావే" అంది అమ్మ. "జాగ్రత్తమ్మా" అన్నారు నాన్న. సెలవు కూడా తేలిగ్గానే దొరికింది.

అయితే నేను మొదట చేరింది కోవళంలో కాదు. బోర్డులు అద్దెకిచ్చి నేర్పుతామనే ఇంకొక చోట. ఏ ఊరో, ఏ పేరో రాయను. చేరేటప్పుడు ఫారం ఇచ్చారు. నా ముందున్న కాలేజీ అబ్బాయిలు సంతకాలు పెట్టి లోపలికెళ్ళిపోయారు. నన్ను మాత్రం ఆపి, "మీ నాన్నగారిదో, మీ వారిదో సంతకం కావాలి మేడమ్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. బ్యాంకులో లోనుకి నా సంతకం చెల్లుతుంది, అక్కడ చెల్లలేదు. నాన్నకి ఫోన్ చేసి మాట్లాడించాకే పంపారు.

ఇసుక మీద బోర్డు గీత గీసి, దాని మీద బోర్లా పడుకుని ఒక్క ఊపున లేవడం కాసేపు చేయించారు. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక అన్నాడు కోచ్. అందరికీ అదే మాట. మెత్తటి ఫోమ్ బోర్డులు అబ్బాయిలు అప్పటికే తీసేసుకున్నారు. నాకు మిగిలింది గట్టి ఫైబర్ బోర్డు, పైగా పొట్టిది. నీళ్ళలోకి వెళ్ళాక అతను బోర్డు వెనక పట్టుకుని కెరటం రాగానే తోసేవాడు. లేవబోయేసరికి పక్కకి ఒరిగి పడిపోయేదాన్ని. మళ్ళీ తోస్తే మళ్ళీ అంతే. బోర్డు అంచు తగిలి మోచెయ్యి వాచింది. ఎందుకు పడుతున్నానో అతను చెప్పలేదు, నేనడిగినా వినిపించుకోలేదు. కాసేపటికి ఒడ్డువైపు తిరిగి, అందరికీ వినబడేలా, "మీ వల్ల కాదు గానీ మేడమ్, బోర్డు పట్టుకుని నిలబడండి, మంచి ఫోటో తీస్తాను, స్టేటస్ పెట్టుకోవచ్చు" అన్నాడు. అబ్బాయిలు నవ్వారు. నా కాలికీ బోర్డుకీ కట్టిన తాడు విప్పి ఆ బోర్డు ఇంకొకడికి ఇచ్చేశాడు. నా టైము ఇంకా సగం ఉంది. తడి బట్టలతో, ఒళ్ళంతా ఇసుకతో అక్కడే నిలబడి వాళ్ళని చూస్తూ ఉండిపోయాను. మిగతా డబ్బు వెనక్కివ్వమంటే కౌంటర్లో వచ్చిన జవాబు, "ఫోటోలు తీశాం కదా మేడమ్."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పడినందుకు కాదు, పడకుండా ఎవరికీ రాదు. నేర్పకుండానే నాకు రాదని నలుగురిలో తేల్చేశాడు, అదీ నా బాధ. నేర్పడానికి డబ్బు తీసుకున్నవాడికి ఆ మాట అనే హక్కు లేదు.

పట్టుదల వచ్చింది. ఆమదాలవలసలో రైలెక్కి చెన్నైలో దిగి, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా కోవళం వెళ్ళాను. అక్కడ కోచ్‌లలో చాలామంది మత్స్యకారుల ఇళ్ళ పిల్లలే. మా కోచ్‌కి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. కళ్ళు మూసుకుని నిటారుగా నిలబడమని సైగ చేశాడు. వెనకనుంచి భుజం మీద చిన్నగా తోశాడు. పడిపోకుండా ఆపుకోడానికి నా కుడికాలు ముందుకొచ్చింది. "గూఫీ" అన్నాడు. కుడికాలు ముందుపెట్టి నిలబడేవాళ్ళని అలా అంటారు. తాడు వెనక కాలికి కట్టాలి కాబట్టి నా ఎడమకాలికి కట్టాడు. ఎడమచేతి వాటం పిల్ల చేత కుడిచేత్తో రాయించి, రాత బాలేదని తిట్టినట్టు జరిగింది నాకు ఆ మొదటి చోట. కోవళంలో నిమిషం పట్టని పరీక్ష అక్కడ ఎవరూ చేయలేదు.

ఇక మిగతావన్నీ ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. బోర్డు మీద మరీ ముందుకి పడుకుంటే దాని ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది. మరీ వెనక్కి జరిగితే కెరటం కిందనుంచి వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళకి ఎనిమిది, తొమ్మిది అడుగుల ఫోమ్ బోర్డే సరైనది. నడుముల్లోతు నీళ్ళలో, విరిగిపోయి నురగగా వచ్చే కెరటాల మీదే మొదలుపెట్టాలి. పడేటప్పుడు తల ముందు పెట్టి దూకకూడదు, పైకొచ్చేటప్పుడు చేతులు తలకి అడ్డం పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మర్నాటి నుంచి ఆయన తోయడం మానేశాడు. చేతులతో నీళ్ళు లాగుతూ కెరటం వేగాన్ని నేనే అందుకోవాలి. భుజాలు పడిపోయాయి. కానీ వెనకనుంచి బోర్డు లేచి, ఒక్కసారి వేగం అందుకున్నప్పుడు, కాళ్ళు చూసుకోకుండా ఒడ్డు మీది పడవల్నే చూస్తూ లేచి నిలబడ్డాను. మా బ్యాచ్‌లో తోయకుండా మొదట లేచింది నేనే. గర్వంగానే చెబుతున్నాను. వేరొకరు తోస్తే నిలబడటాన్ని నేర్చుకోవడం అనరు.

193 కిలోమీటర్ల తీరమున్న జిల్లా నుంచి దీనికోసం చెన్నై దాకా వెళ్ళాల్సి రావడం బాధే. ప్రాక్టీస్ మాత్రం ఇక్కడే. సెకండ్ హ్యాండ్ ఫోమ్ బోర్డు ఒకటి లారీ పార్శిల్లో తెప్పించుకున్నాను. నిన్న కళింగపట్నం తీసుకెళ్ళాను. కెరటాలు విరగని చోటొకటి ప్రశాంతంగా కనిపిస్తే అటు నడవబోయాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కేకేశాడు. "ఏటి పాపా, అటెల్తన్నావు? కెరటం నేని సోటే లాగేస్తాది!" కోవళంలో కోచ్ బొమ్మ గీసి చూపించింది కూడా అదే. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి పైకి నున్నగా కనబడుతుంది. దానిలో పడితే ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడాలి. బోర్డు మాత్రం వదలకూడదు.

వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర అసలు దిగొద్దు. బారువలోనూ మహేంద్రతనయ కలిసేవైపు వద్దు, దానికి దూరంగా ఇసుక ఉన్న చోటే మేలు. విజయనగరం వైపు చింతపల్లి వెళ్ళేవాళ్ళు ఊళ్ళో వాళ్ళనడగకుండా నీళ్ళలో కాలు పెట్టొద్దు. ఒడ్డు మీదనుంచి అలివి వల లాగుతుంటే ఆ పక్కకే పోకండి, అది వాళ్ళ కూడు. జనవరి నుంచి మార్చి దాకా కెరటాలు చిన్నవి, కొత్తవాళ్ళకి అదే అదను. అప్పుడే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కూడా, ఇసుకలో చూసి నడవండి. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం సముద్రపు గాలికి నీరు చెదిరిపోతుంది. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడండి. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుఫాను కబురు ఉంటే ఇంట్లోనే ఉండండి.

డబ్బు కట్టే ముందు కోచ్‌ని రెండు ప్రశ్నలు అడగండి: నా ఏ కాలు ముందుండాలో ఎలా చూస్తారు, తోయడం ఎప్పుడు ఆపుతారు? తడబడితే వచ్చేయండి. మన జిల్లా ఆడపిల్లలెవరైనా ఈత వచ్చి, నేర్చుకోవాలనుకుంటే, నేను ఆదివారం పొద్దున్న కళింగపట్నంలోనే ఉంటాను. బోర్డు ఇస్తాను, ఏ కాలు ముందుండాలో చూస్తాను. నాన్న సంతకం అక్కర్లేదు.