కూరల కబురు ఫోన్‌లో పంపాలంటే: పర్లాకిమిడిలో మా అనుభవం

రేపు ఏ కూరలొస్తాయో కొనేవాళ్లకి మేము ఎస్సెమ్మెస్‌లో కబురు పంపుతాం. వాట్సాప్ ఉండగా ఇంకా ఎస్సెమ్మెస్ ఏమిటని చాలామంది అడిగారు. మాకూ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. తెల్లారేసరికి అందులో గుడ్ మార్నింగ్ పువ్వులు, దేవుళ్ల ఫొటోలు, ఎవరి మనవడి పుట్టినరోజో. వాటి మధ్య "రేపు లేత బెండకాయ వస్తుంది" అన్న మా ముక్క ఎవరి కంటా పడేది కాదు. సగంమంది గ్రూపుని మ్యూట్‌లో పెట్టేశారు, వాళ్లని అనడానికీ లేదు. పైగా మా దగ్గర బుట్టలకి బుట్టలు కొనేది మెస్సులవాళ్లు, పెళ్లిళ్ల వంటవాళ్లు, రిటైరైన మాస్టార్లు. వాళ్లలో చాలామందివి ఇప్పటికీ బటన్ ఫోన్లే.

అన్నయ్య, వదిన కాశీనగర్ దగ్గర వంశధార పక్కన కూరలు పండిస్తారు. చుట్టుపక్కల మరికొందరు రైతులూ సరుకు ఇస్తారు. అదంతా తెల్లవారుజామున ఆటోలో పర్లాకిమిడి వస్తుంది, ఇక్కడ అమ్మేది నేను. ఊరు ఒడిశాది, మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్రా. కొనేవాళ్లు రెండు వైపుల నుంచీ వస్తారు. ఒకే ఇంట్లో ఒకరిది ఒడిశా సిమ్ము, ఇంకొకరిది ఆంధ్రా సిమ్ము.

మొదట నా సిమ్ము నుంచే పంపేదాన్ని. రోజుకి వంద మెసేజీలు దాటితే ప్యాకు ఒప్పుకోదు. అసలు చిక్కు అది కాదు. వ్యాపార మెసేజీలు మామూలు పదంకెల నంబరు నుంచి పంపకూడదు. ఫిర్యాదులొస్తే ఆ నంబరు కట్ చేయొచ్చు, బ్లాక్‌లిస్టులోనూ పెట్టొచ్చు. మా బజార్లో ఒక కొట్టాయనకి అదే జరిగింది. ఆ నంబరుకే బ్యాంకు ఖాతా, గ్యాసు బుకింగూ ముడిపడి ఉండడంతో పాపం నానా పాట్లూ పడ్డాడు. అది చూశాక పద్ధతి ప్రకారమే వెళ్దామనుకున్నాం.

పద్ధతి అంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నియమావళి. దాని ప్రకారం టెలికాం కంపెనీలన్నీ కలిసి డీఎల్‌టీ అనే ఉమ్మడి చిట్టా నడుపుతాయి. మెసేజీ ఎవరు పంపుతున్నారు, ఏ పేరుతో, ఏ మాటలతో అన్నవి మూడూ ముందే అందులో ఎక్కాలి. ఎక్కని మెసేజీ దారిలోనే ఆగిపోతుంది. ఒక కంపెనీ దగ్గర నమోదైతే చాలు, మిగతా వాటన్నిటికీ చెల్లుతుంది. మేము కట్టింది 5,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి 5,900 రూపాయలు. కూరలమ్మేవాళ్లకి అది చిన్న మొత్తం కాదు. వదిన అయితే "ఆ డబ్బుతో డ్రిప్పు పైపులు వచ్చేవి" అని ఇప్పటికీ అంటుంది.

కాగితాల దగ్గర బాగా నలిగాం. మాకు జీఎస్టీ నంబరు లేదు. తాజా కూరగాయల మీద పన్నే లేదు కాబట్టి, అవి మాత్రమే అమ్మేవాళ్లు నమోదు చేసుకోనక్కర్లేదు. కానీ దరఖాస్తులో మొదట అడిగేది అదే. చివరికి అన్నయ్య పేరు మీద ఉద్యమ్ సర్టిఫికెట్, అంటే చిన్న వ్యాపారాలకి ఇచ్చే నమోదు పత్రం తీశాం. ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది, దళారికి పైసా ఇవ్వక్కర్లేదు. దానికి పాన్ కార్డు, లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో ఒక అధికార పత్రం జతచేశాం. ముద్ర బజార్లో చేయించాం. ఇక్కడే సరిహద్దు వాళ్లకి మామూలుగా వచ్చే తంటా ఒకటి వచ్చింది. అన్నయ్య పేరు వ-తో మొదలవుతుంది. ఒడియాలో రాసిన కాగితాల్లో అది బ అయింది, వాటిని చూసి ఇంగ్లీషులో ఎక్కించినవాళ్లు బీ పెట్టారు. పాన్‌లో మాత్రం వీ ఉంది. రెండూ ఒకే మనిషివని నమ్మించడానికి అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది. మీ ఇంట్లోనూ ఇలాంటి పేర్లుంటే దరఖాస్తు తెరవకముందే కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి.

పేరు నమోదయ్యాక హెడరు, అంటే మెసేజీ ఎవరి నుంచి వచ్చిందో చూపించే ఆరక్షరాలు. ప్రచార మెసేజీకి ఆరంకెల హెడరు ఇస్తారు, సేవా మెసేజీకి ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకోవచ్చు. 2025 నుంచి హెడరు చివర పీ ఉంటే ప్రచారం, ఎస్ ఉంటే సేవ అని గుర్తు కూడా వస్తోంది. ఈ రెండింటి తేడా అర్థమైతే సగం పని అయినట్టే. "రేపు వంకాయ వస్తుంది, కొనండి" అన్నది ప్రచారం. డీఎన్‌డీ, అంటే ప్రచార మెసేజీలు వద్దని పెట్టుకున్నవాళ్లకి అది చేరదు. రాత్రి 9 తర్వాత, పొద్దున 10 లోపు పంపడానికి లేదు. "మీరు చెప్పిన బుట్ట సిద్ధం, వచ్చి తీసుకెళ్లండి" అన్నది సేవ. డీఎన్‌డీ ఉన్నా చేరుతుంది, వేళతో పని లేదు.

ఎవరు ఏమన్నా నా మటుకు తేలిందిది: మెసేజీలు కొత్త గిరాకీని తేవు. ఒకసారి మన కూర తిని బాగుందన్నవాళ్లకి రేపు ఏం వస్తుందో చెప్పడానికే అవి పనికొస్తాయి. మెసేజీలు సరఫరా చేసే ఏజెన్సీ కుర్రాడు "మేడమ్, ఊళ్లో వేలకొద్దీ నంబర్లు ఇప్పిస్తాను" అన్నాడు. అక్కర్లేదన్నాను. కొట్టు దగ్గర ఒక రూళ్ల పుస్తకం పెట్టాం. కూర తూస్తూ అడుగుతాం: "రేపటి కబురు ఫోన్‌కి పంపమంటారా?" ఊ అన్నవాళ్లే నంబరు రాసి, పక్కన సంతకం పెడతారు. డీఎన్‌డీ ఉండి కూడా కబురు కావాలన్నవాళ్లకి, డీఎన్‌డీ మార్చుకునే 1909 నంబరు ద్వారా ఆహారం, పానీయాల వర్గం ఒక్కటీ తెరిచి పెట్టుకోవచ్చని చెబుతాం. ఒక మాస్టారు అక్కడే నిలబడి ఆ పని పూర్తిచేసి గానీ కదల్లేదు.

ఇక టెంప్లేటు. పంపబోయే మాటలు ముందే రాసి ఆమోదం తీసుకోవాలి. రోజూ మారే వాటికి ఖాళీలు వదలాలి. మా మొదటి టెంప్లేటు వెనక్కొచ్చింది, అమ్మేవాళ్ల పేరు మెసేజీలోనే ఉండాలట. సరే, పేరు పెడదామంటే చోటేదీ? ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజీలో 160 పడతాయి. తెలుగైనా ఒడియా అయినా 70 మాత్రమే. అది దాటితే రెండు మెసేజీల డబ్బు. ఆ 70 కూడా మనం లెక్కపెట్టినట్టు కాదు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కలోకొస్తాయి. "బస్టాండ్" చూడ్డానికి మూడక్షరాలు, ఫోన్ లెక్కలో ఎనిమిది. "పొద్దున్న" మూడు కాదు, తొమ్మిది.

మేము రాసుకున్నది ఇది: "రేపు పొద్దున్న 6కి: బెండ 40, వంకాయ 30, ఆనప 20. బస్టాండ్ దగ్గర." మాటల మధ్య ఖాళీలతో సహా 62. మిగిలింది ఎనిమిది. మా కొట్టు పేరుకే పదకొండు కావాలి. రాత్రి అన్నాలయ్యాక వదినా నేనూ కూచుని ఒక్కో మాటా గీకాం. "దగ్గర" తీసేద్దామా అంటే బస్టాండ్ లోపల వెతుక్కుంటారు. ధరలు తీసేద్దామా అంటే ధర లేని కబురుకి ఎవరొస్తారు? చివరికి వదినే తేల్చింది: "పొద్దున్న తీసెయ్యి. సాయంత్రం ఆరింటికి కూరలెవరు దింపుతారు?" తీసేశాం. పేరు పట్టింది. కూరలూ ధరలూ పడే ఖాళీకి మాకు చెప్పిన హద్దు 30 అక్షరాలు. పై మూడు కూరలూ ధరలతో కలిపి 25 అయ్యాయి. కాలీఫ్లవర్ వచ్చిన రోజు మాత్రం రెండు కూరలతోనే సరిపెట్టుకోవాలి. లింకులు పెట్టలేదు. 2024 అక్టోబరు నుంచి ముందే నమోదు చేయని లింకున్న మెసేజీ ఆగిపోతుంది, అయినా బటన్ ఫోన్‌కి లింకెందుకు?

ఏ లిపిలో పంపాలన్నది ఏ నియమావళిలోనూ దొరకలేదు. మా కొనుగోలుదార్లలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మాత్రమే చదవగలిగేవాళ్లు బోలెడంతమంది, చదువంతా ఆ బడుల్లోనే సాగింది కదా. పాతపట్నం వైపు వాళ్లకి ఒడియా అక్షరం రాదు. కొన్ని పాత బటన్ ఫోన్లలో ఏ లిపి పంపినా వరుసగా డబ్బాలే కనిపిస్తాయి. మెస్సు నడిపే ఒక పెద్దావిడ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఏటమ్మా ఇవి? కూరలు పంపమంటే కిటికీలు పంపినావు!" దాంతో పుస్తకంలో ఇంకో గడి గీశాం: తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మూడూ వేరువేరు టెంప్లేట్లు, మూడింటికీ వేరువేరు ఆమోదాలు. మూడో రకంలో 160 అక్షరాలు దొరుకుతాయి కాబట్టి ఆ పెద్దావిడకి మా అందరికంటే పెద్ద కబురు వెళ్తుంది. గోంగూర ధర కూడా ఉంటుంది అందులో.

వేళ దగ్గర ఇంకో ముడి. అమ్మకం పొద్దున ఆరింటికి, ప్రచారం పదికి ముందు వెళ్లదు. అంటే ముందురోజు సాయంత్రమే పంపాలి. ఆకుకూరలు కోసేదేమో తెల్లవారుజామున. రాత్రి వాన పడి చేలో కాలు పెట్టలేకపోతే, పంపిన కబురు వెనక్కి రాదు. అందుకని సాయంత్రం మెసేజీలో ఆకుకూరల పేరెత్తం, చెట్టు మీదున్నవే రాస్తాం. ముందే బుట్ట చెప్పుకున్నవాళ్లకి మాత్రం తెల్లవారుజామున నాలుగింటికైనా "వాన వల్ల తోటకూర రాలేదు, బదులు ఆనప ఇమ్మంటారా" అని పంపగలం, అది సేవ కిందికి వస్తుంది. ఈ సౌకర్యం చూశాకే ప్రచారం జాబితా నుంచి మనుషుల్ని వారం బుట్ట జాబితాలోకి మార్చడం మొదలుపెట్టాం. మెస్సులవాళ్లు ముందుగా మారారు.

బాగా కలిసొచ్చింది కార్తీకం. ఒడియా ఇళ్లలో కార్తీక మాసం కుమార పూర్ణిమ, అంటే ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడే మొదలవుతుంది, మనకి దీపావళి అమావాస్య తర్వాత. అంటే ముందు వాళ్లు నీచు మానేస్తారు, రెండు వారాల తర్వాత మనవాళ్లు మానేస్తారు. మొదటి రెండు వారాలూ ఒడియా జాబితాకి అరటికాయ, గుమ్మడి, కంద, బొప్పాయి కాయ, అంటే డాల్మాలోకి (కూరలు వేసి వండే ఒడియా పప్పు) కావాల్సినవి పంపాం. తర్వాత రెండు జాబితాలకీ. కార్తీక పూర్ణిమ మర్నాడు ఛాడఖాయి. ఆరోజు ఒడియావాళ్లు చేపలకీ మాంసానికీ ఎగబడతారు, కూరలవైపు చూసేవాళ్లుండరు. ఆరోజుకి ఒడియా జాబితాకి ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర మాత్రమే పంపాం. తెలుగు జాబితాకి మామూలు కూరలే, మనకి ఇంకా కార్తీకం ఉంది కదా. సాయంత్రానికి రెండు బుట్టలూ ఖాళీ అయ్యాయి.

మెసేజీ ఒక్కోటి ఇరవై పైసల చుట్టూ పడుతోంది. నంబరు తీసెయ్యమన్నవాళ్లది అప్పటికప్పుడు గీటు కొట్టి తీసేస్తాం, బతిమాలం. గురువారాలు ఒడియా ఇళ్లలో కూరలకి గిరాకీ ఎక్కువ. మార్గశిరం వస్తే ఆ గురువారాలు లక్ష్మీపూజలు, మాణబసా. వాటికోసం పూలు, అరటాకులు, కొత్త ధాన్యం కంకులు కలిపి ఒక టెంప్లేటు రాసి పెట్టాం. ఆమోదానికి వెళ్లింది, ఇంకా రాలేదు.