కోయంబేడు వాసన

పెరటాసి అంటే అరవోళ్లు వెంకన్నకు మొక్కుకునే నెల. ఆ నెల శనివారం తిరుపతి నుంచి మద్రాసు పోవడం సులువే. జనమంతా ఎదురు వస్తుంటారు, మన బస్సు ఖాళీ. తిరిగి రావడంలో ఉంటుంది తమాషా. అది తెలిసీ ఆ రోజే బయల్దేరాను. మా వాడి పెళ్లి కార్డు అక్క చేతికి ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపితే "నేనేమన్నా పరాయిదాన్నా?" అని ఏడాది పొడుగునా అంటుంది.

పుత్తూరు, నాగలాపురం దారి గురించి చెప్పేదేముంది. మధ్యలో హోటల్ దగ్గర ఆపారు. 20 రూపాయలని రాసున్న నీళ్ల బాటిల్ 30 అన్నాడు. "ఎందుకన్నా?" అంటే "కూలింగు" అన్నాడు. పట్టుకుంటే వేడిగా ఉంది. ఆ మంట ఊత్తుకోట దాకా తగ్గలేదు. అక్కడ కాలవ వచ్చింది. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణా నీళ్లు కండలేరు మీదుగా పూండి చెరువుకు పోయే కాలవ. 1996లో మొదటిసారి నీళ్లు పారాయి. అప్పట్లో దీన్ని దాటినప్పుడల్లా మా నాయన "పోతా ఉండాయి చూడు, మద్రాసోళ్లు తాగేదానికి" అనేవాడు. కోపమో గర్వమో నాకు ఇప్పటికీ తెలీదు.

మద్రాసులో మన ఆంధ్రా బస్సుల్ని 2018లో మాధవరం స్టాండుకు మార్చాక, అక్క ఉండే కోయంబేడు పోవాలంటే ఆటో. 400 అడిగాడు, 350కి దిగాడు. ఇదివరకు బస్సు నేరుగా కోయంబేడు స్టాండుకే పోయేది. నిద్రలో ఉన్నా ముక్కు లేపేది, ఊరొచ్చిందని. పక్కనున్న మార్కెట్లో కుళ్లిన కూరగాయలనుకునేవాణ్ణి. స్టాండు వెనకే మురుగునీటి ప్లాంటు ఉందని అక్క పెళ్లయ్యాక తెలిసింది. బావకు ఉద్యోగం అందులోనే మరి, కాంట్రాక్టు ఆపరేటరు.

అక్క ఇంట్లో కూర్చున్నది పది నిమిషాలే. బావ డ్యూటీలో ఉన్నాడు, క్యారియరు నా చేతికిచ్చి పంపింది. సంగటి, ఊరిబిండి పచ్చడి.

గేటు దగ్గర పేరు రాయించుకుని బావ లోపలికి తీసుకుపోయాడు. ముందు వచ్చేది ఇనప కడ్డీల జల్లెడ. ఊరి మురుగంతా దానికి కొట్టుకుంటుంది. షాంపూ పాకెట్లు, గుడ్డపేలికలు, ఒక బొమ్మకారు చక్రం, అన్నిటినీ చుట్టుకుని తాడులా పేనుకున్న జుట్టు. "మోటార్లు పట్టేసేది ఇదే బామ్మర్దీ" అన్నాడు బావ. మనూళ్లో తలనీలాలు వేలం వేస్తే కోట్లొస్తాయి. ఇక్కడ పారతో ఎత్తి పారేస్తున్నారు.

ఆ తరవాత ఇసక దిగే తొట్టి, గుండ్రటి పెద్ద తొట్లు, వాటి పక్కన గాలి తోలే చెరువు. చెరువంటే చెరువే, టీ రంగు నీళ్లు కుతకుతలాడుతున్నాయి. వేడి లేదు, కింద నుంచి గాలి. మురుగును తినేది కంటికి కనబడని క్రిములట, వాటికి ఊపిరాడాలి. కరెంటు ఎక్కువ తాగేది కూడా ఆ గాలి మిషన్లే. మరి క్రిములు నీళ్లతో పాటు కొట్టుకుపోవా అని అడిగాను.

"అడుక్కు దిగిన బురదలో కొంచెం మళ్లా తెచ్చి కలపతాం. పెరుక్కి తోడేస్తామే, అట్లా."

గాజు కొలపాత్రలో ఆ టీ రంగు నీళ్లు లీటరు ముంచి కిటికీలో పెట్టాడు. అరగంటలో బురద ఎంత దిగిందో చూసి రాసుకోవాలట. దాని పక్కనే క్యారియరు విప్పాడు. ఆయన సంగటి ముద్ద తుంచుకుంటున్నాడు, నేను గాజు చూస్తున్నాను. మొదట మేఘం విరిగినట్టు గడ్డలు కట్టింది, గడ్డలు కలిశాయి, ఒక గీత ఏర్పడి మెల్లగా కిందికి జారింది. పైన నీళ్లు తేరుకున్నాయి. వెనక గోడ మీద క్యాలెండరు అంకెలు అందులోంచి కనబడ్డాయి. బావ ఊరిబిండి వేలితో నాకి, కడుక్కుని, అంకె రాసుకున్నాడు. నాకూ ఒక ముద్ద పెట్టాడు. తిన్నాను. అప్పటికి వాసన తెలియడమే మానేసింది.

ఇక్కడితో అయిపోదట. 2019లో ఇంకో ప్లాంటు కట్టారు, రోజుకు 4.5 కోట్ల లీటర్లది. ఈ నీళ్లను మళ్లీ వడగట్టి, ఆర్వో చేసి, పైపుల్లో శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపు ఫ్యాక్టరీలకు పంపుతారు. ఆ ఏడే కదా చెరువులెండిపోయి జోలార్‌పేట నుంచి మద్రాసుకు రైల్లో నీళ్లు తోలారు, ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. అంటే ఊత్తుకోటలో నేను చూసిన కృష్ణమ్మ ఏ ఇంట్లోనో స్నానమై, ఈ జల్లెడ దాటి, చివరికి కార్ల కంపెనీకి పోతుందన్నమాట. మా నాయనకు చెప్పి ఉండాల్సింది.

సాయంత్రం మాధవరంలో బస్సు నిండా పసుపుబట్టల గోవింద భక్తులు. కిటికీ పక్కన ఒక పెద్దావిడ, ఒళ్లో తులసిమాల. బస్సు కదిలిన కాసేపటికి ముక్కు ఎగబీల్చి నా వైపు చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చొక్కా వాసన చూసుకున్నాను. నాకేం తెలీలేదు. పాపం, తిరువళ్లూరు వైపు వాళ్లమ్మాయి ఇంటి కబుర్లు మొదలుపెట్టి ఆపేసింది. కొండకు పోయే మనిషి పక్కన మురుగు కంపు కొడుతూ మూడున్నర గంటలు ముడుచుకుని కూర్చున్నాను.

తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి వంతెన ఎక్కింది బస్సు. చిన్నప్పుడు ఆ ఇసకలో చెలమ తీసి, నీళ్లు తేరేదాకా ఆగి, దోసిలితో తాగినవాళ్లం. ఇప్పుడు ముళ్లకంప మధ్య నల్లటి పాయ. కిటికీలోంచి గుప్పున కొట్టింది. పెద్దావిడ మళ్లీ కొంగు తీసి నా వైపు గుర్రుగా చూసింది.

"నేను కాదమ్మా," అన్నాను, "ఇది మా ఏరు."