కండ్ల గోలీల డబ్బా వెనక ఏం చదవాలి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మెడికల్ షాపులో "కండ్ల గోలీలు" అడిగితే ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు. అవ్వకో తాతకో ఎదుటి మనిషి ముఖం నడుమ మసక కనిపిస్తోందని, డాక్టరు ఏఎండీ (వయసుతో కంటి నడిమి చూపు తగ్గే జబ్బు) అన్నాడని కొంటారు. కొనే ముందు చీటీలో ఏ దశ అని రాసిందో చూడండి. తొలి దశలో ఈ గోలీలతో లాభం ఉన్నట్టు తేలలేదు. మధ్య దశలో, లేదా ఒక కన్ను ముదిరిపోయి రెండోది ఇంకా నిలిచి ఉంటే, అప్పుడే వీటికి పని. రెటీనా, అంటే కంటి వెనక తెర కింద పేరుకునే పసుపు మచ్చలను డ్రూసెన్ అంటారు. వాటిలో ఒక్కటైనా 125 మైక్రాన్లకు (మిల్లీమీటరులో ఎనిమిదో వంతుకు) చేరితే మధ్య దశ కిందికే వస్తుంది. చీటీలో దశ లేకపోతే అడిగి రాయించుకోండి.

లాభం ఎంత? అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ 2001లో ఈ గోలీల మీద చేసిన అధ్యయనం ఫలితాలు బయటపెట్టింది. ఇలాంటి రోగుల్లో మందు లేని ఉత్త గోలీ మింగినవాళ్లలో ఐదేళ్లకు నూటికి 28 మందికి జబ్బు ముదిరింది, అసలు గోలీ మింగినవాళ్లలో 20 మందికి. అంతే. పోయిన చూపు తిరిగి రాదు, శుక్లాలూ ఆగవు. మూడు నెలలు మింగి "ఏం ఫరక్ లేదు" అని మానేయడం అందుకే తప్పు లెక్క.

ఇప్పుడు వాడే మోతాదు రోజు మొత్తానికి ఇది: విటమిన్ సి 500 మి.గ్రా., విటమిన్ ఇ 400 ఐయూ (విటమిన్ల కొలత), లుటీన్ 10 మి.గ్రా., జియాజాంతిన్ 2, జింక్ 80, రాగి 2. డబ్బా మీది అంకెలు ఒక గోలీకా, రోజుకా అన్నది మొదట చూడండి. తర్వాత జింక్. "జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 61.8 మి.గ్రా." అని ఉంటే అందులో అసలు జింక్ 22.5 మి.గ్రా. మాత్రమే, మిగతాది లవణం బరువు. ఆ లోటు పూడ్చుదామని నాలుగు గోలీలు మింగిస్తే మిగతా విటమిన్లు కూడా నాలుగింతలవుతాయి. అదే సంస్థ 2013లో బయటపెట్టిన రెండో అధ్యయనంలో 25 మి.గ్రా. జింక్‌కూ 80కీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకని తక్కువ జింక్ చాలా అని డాక్టరును అడగొచ్చు. చేప నూనె గోలీలు చేర్చినా అదనపు లాభం రాలేదు, ఆ పైసలు మిగుల్చుకోండి.

పాత ఫార్ములాలో లుటీన్ బదులు బీటా కెరోటిన్ ఉండేది. బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్లకు, ఎప్పుడో మానేసినవాళ్లకు కూడా దానితో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరిగింది. మన దగ్గర ముసలోళ్లలో బీడీ ముట్టనివాళ్లు ఎంతమంది? డబ్బా వెనక ఆ పేరు కనిపిస్తే అక్కడే తిరిగి ఇచ్చేయండి.

పరగడుపున మింగితే జింక్ కడుపులో తిప్పుతుంది, అన్నమో జొన్నరొట్టో తిన్నాకే వేయాలి. ఎక్కువ జింక్ ఒంట్లో రాగిని తగ్గించి రక్తహీనత తెస్తుంది, రాగి కలిపింది అందుకే. కాబట్టి రాగి లేని డబ్బా వద్దు. 80 మి.గ్రా. జింక్ మింగినవాళ్లలో మూత్ర సమస్యలతో ఆసుపత్రిలో చేరడం కొంత ఎక్కువైంది, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న తాతలు ముందే చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు విటమిన్ ఇ మొదలుపెట్టే ముందు గుండె డాక్టరును అడగాలి. వాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచడమూ కూడదు.

మిగతావాళ్లకు ఆకుకూర మంచిదే. ఉడికిన పాలకూర ఒక కప్పులో లుటీన్, జియాజాంతిన్ కలిపి 20 మి.గ్రా. దాకా ఉంటాయి. పప్పులో వేసినా సరే, పోపులో నూనె ఉండాలి, లేకపోతే ఒంటికి పట్టదు. మక్కకంకుల్లో, గుడ్డు సొనలో కూడా ఇవి ఉంటాయి.

గోలీలు వాడుతూనే వారానికోసారి ఒక్కో కన్ను మూసి, దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని, గళ్ల క్యాలెండర్‌ను జానెడున్నర దూరం నుంచి చూడమనండి. గీతలు వంకరపోయినా, నడుమ ఒక గడి మాయమైనా అది తడి రకం (రెటీనా కింద నీరు, రక్తం కారే ఏఎండీ) కావచ్చు. దానికి ఏ గోలీ పనిచేయదు, కంట్లో ఇంజెక్షన్లే. రెండు మూడు రోజుల్లో రెటీనా డాక్టరు దగ్గర ఓసీటీ (రెటీనా స్కాన్) తీయించాలి, వచ్చే నెల చెకప్ దాకా ఆగొద్దు.