డెజెర్టర్ బజార్లో పుల్ల తాండ్ర

మాది నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే కారాలు, పొడులు కొట్టించి, ఊరగాయలు పెట్టి అమ్ముతున్నాను. ధనియాలు అరచేతిలో నలిపి వాసన చూస్తే కొత్తవో పాతవో చెప్పేస్తాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, పోయిన అక్టోబర్లో జార్జియా వెళ్లినప్పుడు నేను ఆ దేశాన్ని కళ్లతో చూసింది కొంతే, చేతులతో, ముక్కుతో చూసింది ఎక్కువ.

మా పాప ఆ దేశ రాజధాని టిబిలిసిలో మెడిసిన్ చదువుతోంది, నాలుగో సంవత్సరం. మన వైపు నుంచి చాలామంది పిల్లలు అక్కడున్నారు. మూడేళ్లుగా రమ్మంటే ఇప్పటికి కుదిరింది. నేనూ మా ఆయనా చెన్నైలో విమానం ఎక్కి, గల్ఫ్‌లో దిగి ఇంకోటి పట్టుకుని వెళ్లాం. పెట్టెలో గోంగూర, కందిపొడి, ఎండు నెత్తళ్లు. పాప పెట్టె తెరిచి చూసి నవ్వింది. "అమ్మా, ఇవి నేను తింటాలే. ఉన్న పది రోజులూ నువ్వు మాత్రం ఈడిదే తినాలి" అంది. సరేనన్నాను.

మొదటి రోజు పొద్దున్నే "పూరి తెస్తా" అని కిందికి పోయింది. ఈ దేశంలో పూరీ ఏందబ్బా అనుకున్నాను. జార్జియన్‌లో రొట్టెని పూరి అనే అంటారట! తెచ్చింది మూరెడు పొడవు, రెండు చివర్లా కొనదేలిన పడవలాంటి రొట్టె. షోతిస్ పూరి. మర్నాడు నేనూ వెంట పోయి చూశాను. బావిలా గుండ్రంగా ఉన్న మట్టి పొయ్యి, దాన్ని తోనె అంటారు. కొట్టాయన నడుం దాకా అందులోకి వంగి, సాగదీసిన పిండిని లోపలి గోడకి చరిచి లేస్తున్నాడు. అంత సెగలో ఆ వంగడం, లేవడం చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. వేడి రొట్టె తుంచుకుని, ఉప్పునీళ్లలో ఊరిన సులుగుని చీజ్ ముక్కతో తింటే ఇంకేమీ అక్కర్లేదు. ఇంకో సంగతి, వాళ్ల భాషలో "మామా" అంటే నాన్న, "దేదా" అంటే అమ్మ. పార్కులో చిన్నపిల్లాడు "మామా, మామా" అని ఒకాయన వెంట పరుగెత్తుతుంటే మేనమామేమో అనుకుని మా ఆయన ఎంత మురిసిపోయాడో.

అసలు సంగతి బజారు. డెజెర్టర్ బజార్ అంటారు, సెంట్రల్ రైల్వే స్టేషన్ పక్కన, మెట్రోలో స్టేషన్ స్క్వేర్ దగ్గర దిగాలి. 1920ల మొదట్లో సైన్యం వదిలి పారిపోయి వచ్చినవాళ్లు తమ ఆయుధాలు అమ్ముకున్న చోటట, అందుకే ఆ పేరు. ఇప్పుడు ఆడ దొరకనిది లేదు. చీజ్ వరసలు, బారెడు తొట్లలో ఊరబెట్టిన పచ్చి టమాటాలు, వెల్లుల్లి, జొంజోలి అనే పూమొగ్గల ఊరగాయ, చుట్టూ బస్తాలు, బండ్లు, అరుపులు. మన చిన్నబజారు గుర్తొచ్చి కాళ్లు వాటంతటవే నడిచాయి.

దినుసుల వరసలో తలకి గుడ్డ కట్టుకున్న ముసలమ్మ దగ్గర ఆగాను. గోపురాల్లా పోసిన పొడులు. పాప నేర్పినట్టు "గమార్జోబా, బెబియా" అన్నాను. బెబియా అంటే అవ్వ. ఆమె నా బొట్టు చూసి, చీర చూసి, చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. పచ్చగా, కొంచెం బూడిద రంగులో ఉన్న పొడి చిటికెడు తీసి నా అరచేతిలో పోసింది. నలిపాను. మెంతి! మెంతేగానీ మన మెంతిలో ఉండే ఆ చేదు కరుకు లేదు, ఎండుగడ్డి లాంటి మెత్తటి వాసన. పేరు ఉత్స్ఖో సునేలి. పాప ఫోన్లో వెతికి చెప్పింది, నీలిపూల మెంతి, మన మెంతికి దగ్గరి చుట్టం, మొక్క వేరు. పేరుకి అర్థం "పరాయి దినుసు" అట. పరాయిది అని పేరు పెట్టుకుని, అది లేకుండా కూర వండరు! ఎంత ముద్దొచ్చిందో ఆ పేరు నాకు.

ఆ పక్క కుప్ప పసుపులా ఉంటే పసుపే అనుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, చిన్న పూరేకు ఒకటి ఏరి చూపించింది. బంతిపువ్వు! ఎండబెట్టి దంచిన బంతి రేకులు. ఇమెరెతి అనే ప్రాంతం పేరు మీద ఇమెరెతి కుంకుమపువ్వు అంటారట. మనం గుమ్మానికి కట్టే పువ్వుని వాళ్లు కూరలో వేస్తారు. ఈ రెండూ, ధనియాల పొడీ, ఇంకా కొన్ని ఎండాకులూ కలిపితే ఖ్మేలి సునేలి. వెల్లుల్లి, ఉప్పు, దినుసులు కలిపి దంచింది స్వానెతి కొండల ఉప్పు. అదొక్కటీ నోట్లో వేసుకున్నప్పుడు నాకు మా ఇంటి రోలు కనబడింది. కారం ఒక్కటే తక్కువ. ఎర్రగా ముద్దగా ఉండే అజికలో ఆ లోటూ తీరింది.

ఆమె తల వెనక తీగ మీద ముదురెరుపు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. గుడ్డలు కావు, తాండ్ర. త్క్లాపి అంటారు. పుల్లటి రేగి పండ్ల లాంటి ఒక రకం ప్లమ్, దాని పేరు ట్కెమాలి, ఆ గుజ్జు పల్చగా పరిచి ఎండబెడతారు. మామిడితాండ్ర పొరమీద పొర వేసి మందంగా చేస్తాం కదా, ఇది ఒకే పొర, వెలుతురుకి పట్టుకుంటే అవతలి మనిషి కనబడేంత పల్చన. ఓ మూల తుంచి నోట్లో వేసుకున్నాను. పళ్లు జివ్వుమన్నాయి. తీపి జాడ లేదు. తియ్యటి రకం కూడా ఉంటుందట, ఇది మాత్రం వంటకి. చారులో, ఖార్చో అనే పులుసులో నానేసి పిసికి పోస్తారు. అంటే ఇది వాళ్ల చింతపండు! ఆమె చేత్తో గాల్లోనే గిన్నె పెట్టి, తాండ్ర తుంచి, నీళ్లు పోసి, పిసికి చూపించింది. నేను చింతపండు పిసికేటప్పుడు వేళ్లు ఎట్టా కదులుతాయో సరిగ్గా అట్టాగే. పాప మాట తర్జుమా చేయబోతే వద్దన్నాను. "రా ఘిర్స్?" అంటే ఎంత అని. ఆ ఒక్క ముక్కా నేనే అడిగాను. ఆడి డబ్బు పేరు లారి, ఒక లారి అంటే మన ముప్పై రూపాయల పైమాట. రెండు తాండ్రలు, పావు కిలో నీలిమెంతి పొడి, బంతి పొడి కొంచెం తీసుకుని బేరం ఆడకుండా ఇచ్చేశాను. నేనూ కొట్టుమనిషినే, దినుసులో కల్తీ లేనప్పుడు బేరమాడ బుద్ధి కాదు.

తిండి సంగతి. మేం గొడ్డుమాంసం, పందిమాంసం తినం. ఆడ ఖింకాలి అనే మూటల్లో మామూలుగా ఆ రెండే ఉంటాయి. మన వాళ్లెవరైనా వెళితే "సోకో" అని అడగండి, పుట్టగొడుగులవి ఇస్తారు. బంగాళాదుంపవీ, చీజ్‌వీ కూడా ఉంటాయి. వాళ్ల ఉపవాసాల వంటకి "సమర్ఖ్వో" అని పేరు, మాంసం, పాలు, గుడ్డు ఏమీ ఉండవు. ఆ ఒక్క మాటతో మా అత్తగారిని కూడా పది రోజులు అక్కడ ఉంచొచ్చు. కుండలో ఉడికించిన రాజ్మా లోబియో, మొక్కజొన్న రొట్టె, పాలకూరా అక్రోట్లూ నూరిన ప్‌ఖలి, బీన్స్ ముద్ద లోపల పెట్టి బొబ్బట్టులా అదిమి కాల్చిన లోబియానీ. చీజ్ పెట్టి కాల్చే రొట్టె ఖాచాపురీ గురించి అందరూ రాస్తారు. పడవలా చేసి గుడ్డు కొట్టిపోసే అజారా ప్రాంతపు రకం ఫొటోకి బాగుంటుంది. నాకు గుండ్రటి ఇమెరెతి రకమే నచ్చింది, పిండీ చీజూ రెండూ తెలుస్తాయి.

నన్ను ఆపేసింది వంకాయ. బద్రిజాని. పొడుగు వంకాయని నిలువు చీలికలు కోసి వేయించి, అక్రోట్లు, వెల్లుల్లి, నీలిమెంతి, కొంచెం వెనిగర్ కలిపి నూరిన ముద్ద పెట్టి చుట్టి, పైన దానిమ్మ గింజలు. మనం గుత్తివంకాయలో కూరిన కారాన్ని నూనెలో మగ్గనిస్తాం. వీళ్లు ముద్దని పొయ్యి చూపించకుండానే పెట్టేశారు. పచ్చివాసన రావాలి కదా? రాలేదు. అక్రోట్లని నూనె ఊరేదాకా నూరితే ఆ నూనే వెల్లుల్లి ఘాటుని పట్టి కూర్చోబెడుతుంది. పల్లీలతో ఇట్టా కుదరదు, వేయించాల్సిందే.

సిగ్నాగి అనే ఊరికి వెళ్లే దారి పొడవునా కొవ్వొత్తుల్లా వేలాడుతున్నవి చుర్చ్‌ఖేలాలు. అక్రోట్లని దారానికి గుచ్చి, పిండి వేసి చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారు. ద్రాక్ష కోతల రోజులు కాబట్టి అప్పుడే ముంచినవి జిగురుగా ఉన్నాయి. దారం కిందినుంచి లాగి తినాలి. ఆ దారిలోనే ఒక ఇంట్లో నేలలో మెడ దాకా పాతిపెట్టిన క్వెవ్రి అనే పెద్ద మట్టి జాడీలు చూపించారు, ద్రాక్షసారా అందులోనే పులుస్తుంది. మా తాత ఇంట్లో వడ్లు పోసే పాతర గుర్తొచ్చి మూత దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

డ్రై బ్రిడ్జ్ దగ్గర పాత సామాన్ల సంతకీ పోయాం. సోవియట్ పతకాలు, కెమెరాలు, పింగాణీ. మా ఆయనకి అవి, నాకు చేపలూ జింకలూ అచ్చేసిన నీలం బల్లగుడ్డ. అమ్మే ఆమె నా వెంకటగిరి చీర కొంగు వేళ్లతో నిమిరి, జరీ తిప్పి చూసి, లెక్కలో ఐదు లారీలు తగ్గించింది.

తిరుగు ప్రయాణంలో ఒక తప్పు జరిగింది. ట్కెమాలి పచ్చడి సీసా, అదే పుల్ల ప్లమ్‌తో పాప ఇంటావిడ స్వయంగా కాచి ఇచ్చింది, చేతిసంచిలో పెట్టాను. వంద మిల్లీలీటర్ల రూలు తెలిసీ ఆ హడావిడిలో మర్చిపోయాను. తనిఖీ దగ్గర తీసి పక్కన పడేశారు. వాళ్ల తప్పేం లేదు. కానీ ఒకమ్మ చేత్తో కాచింది అట్టా చెత్తబుట్టలో పడుతుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు.

తాండ్రలు మాత్రం పెట్టెలో భద్రంగా వచ్చాయి. వచ్చిన ఆదివారం బొమ్మిడాయిలు తెచ్చాడు మా ఆయన. అరచేయంత ముక్క తుంచి వేడినీళ్లలో నానేసి, చింతపండు లేకుండా దాంతోనే పులుసు పెట్టాను. పులుపు నిక్కంగా వచ్చింది, రంగు ముదిరింది, చిక్కదనం మాత్రం చాల్లేదు. చింతపండు గుజ్జు ఇచ్చే ఒత్తు దీనికి లేదు. మర్నాడు పొద్దున అన్నంలో కలుపుకుంటే ఇంకా బాగుంది. అత్తగారు రెండోసారి వడ్డించమని, "ఏ ఊరి చింతకాయమ్మే ఇది?" అన్నారు.

ఈసారి సగం చింతపండు, సగం తాండ్ర వేసి చూస్తాను. పాపకి నిన్ననే ఫోన్లో చెప్పాను, సెలవులకి వచ్చేటప్పుడు తాండ్ర నాలుగు, నీలిమెంతి అర కిలో. సూపర్ మార్కెట్లో వద్దు, ఆ అవ్వ దగ్గరే, తీగ మీద వెనక వరసలో ఉన్నవి తియ్యమని. ముందువి ఎండకి రంగు తగ్గి ఉంటాయి.