ఏలూరు నుంచి గుణదలకు నడుస్తూ, సాయంత్రం రోజును వెనక్కి చూసుకుంటూ

ఏలూరు నుంచి విజయవాడలోని గుణదల మాత కొండకు హైవే మీద సుమారు 60 కిలోమీటర్లు. బస్సెక్కితే పూట కూడా పట్టదు. మేము మూడు రోజులు నడుస్తాం. అక్కడ లూర్దు మాత (మరియతల్లి) పండుగ ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతుంది కాబట్టి 7న తెల్లవారుజామున బయలుదేరితే 9 సాయంత్రానికి కొండ కింద ఉంటాం. మొదటి రాత్రి హనుమాన్ జంక్షన్, రెండో రాత్రి గన్నవరం. రోజుకు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ పడుతుంది.

నడక సంగతి ముందు చెప్పాలి, ఒళ్ళు సహకరించకపోతే ప్రార్థన సాగదు. నాలుగున్నరకు మొదలుపెట్టి పదింటికల్లా నీడకు చేరాలి, మిగిలింది నాలుగు తర్వాత నడవాలి. ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడి పక్కన, ఒకరి వెనక ఒకరు నడవాలి. వరసలో మొదటివారికీ చివరివారికీ టార్చి ఉండాలి. కొత్త చెప్పులు వద్దు. పాదానికి బొబ్బలు ఎక్కువగా వచ్చేది మొదటి రోజే. తడిసిన మేజోడు చర్మాన్ని రాస్తుంది, మనం ఆగకుండా నడుస్తాం, మధ్యాహ్నానికి నీరు పడుతుంది. గంటకోసారి ఆగి మేజోళ్ళు విప్పి పాదాలు ఆరబెడితే చాలావరకు తప్పుతుంది. బొబ్బను సూదితో పొడవకూడదు. మొక్కు కొద్దీ ఉత్తకాళ్ళతో నడిచేవాళ్ళు కనీసం మధ్యాహ్నపు తారు రోడ్డు మీదైనా చెప్పులు వేసుకోవాలి. అందుకు మరియతల్లి కోపగించుకోదు.

దారిలో జపమాల చెప్పుకుంటాం. ఐదు దశకాలకు (పదేసి జపాల విడతలు) ఇరవై నిమిషాలు పైన పడుతుంది, అంటే ఒకటిన్నర కిలోమీటరు నడక. అయితే ఈ యాత్రలో మాకు అన్నిటికంటే ముఖ్యమైనది రోజు ముగిశాక చేసే పావుగంట ఆత్మపరిశీలన.

ఇది స్పెయిన్ సైనికుడిగా ఉండి తర్వాత పునీతుడైన (సెయింట్) లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన పద్ధతి. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, ఆయన నెలల తరబడి మంచం మీద ఉండిపోయాడు. వీరుల గొప్పలు ఊహించుకున్నప్పుడు అప్పటికి బాగానే ఉండేది, తర్వాత మనసు ఎండిపోయేది. పునీతుల్లా బతకాలని ఊహించుకుంటే ఆ సంతోషం తర్వాత కూడా నిలిచేది. ఈ తేడాను ఆయన కనిపెట్టాడు. ఆలోచన వచ్చినప్పటి రుచి కాదు, అది వెళ్ళిపోయాక మిగిలిన రుచి చూడమన్నది అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ తర్వాత తన కథ చెప్పుకున్నప్పుడు కూడా తనను తాను యాత్రికుడనే పిలుచుకున్నాడు. ఆయన స్థాపించిన యేసు సభవారి (జెస్యూట్ గురువుల) ఆంధ్ర లొయోలా కళాశాల 1953 నుంచి ఈ గుణదల కొండకు చేరువలోనే నడుస్తోంది.

అంగలు ఐదు. రోజులో అందినవాటికి కృతజ్ఞత చెప్పడం, ఉన్నది ఉన్నట్టు చూసేలా వెలుగునివ్వమని పవిత్రాత్మను అడగడం, లేచిన దగ్గర్నుంచి గంట గంటా తిరిగి చూడడం, తప్పిన చోట క్షమాపణ కోరడం, రేపటికి ఒక్క నిర్ణయం తీసుకోవడం. చివర పరలోక జపం ("పరలోకమందున్న మా తండ్రీ"). పావుగంటలో సగం మూడో అంగకే ఇవ్వాలి. దేవుడి పని కనబడేది అక్కడే.

నడిచిన రోజును తిరిగి చూడడం తేలిక, గంటలకు ఊళ్ళ పేర్లే గుర్తులు. కలపర్రు దగ్గర తెల్లవారింది, బొమ్ములూరు దాటాక ఎండ ఎక్కింది. జంక్షన్ దాటితే వీరవల్లి, తేలప్రోలు, ఆత్కూరు. ప్రతి ఊరి దగ్గరా రెండే ప్రశ్నలు: ఇక్కడ మనసు దేవుడివైపు, పక్కవాడివైపు తెరుచుకుందా, ముడుచుకుందా? అప్పుడు ఎదురుగా ఎవరున్నారు?

తేలప్రోలు దగ్గర ఒక టీకొట్టు ఆవిడ అడక్కుండానే బకెట్టులో గోరువెచ్చని ఉప్పునీళ్ళు తెచ్చిపెట్టి, "కాళ్ళు పెట్టుకోండమ్మా, టీ తర్వాత తాగుదురుగాని" అంది. ఆ పూటకు అది హాయి, అంతే. రాత్రి తిరిగి చూసినప్పుడు ఇంకొకటి బయటపడింది: అప్పటిదాకా వెనకబడినవాళ్ళ మీద విసుక్కుంటున్న మనసు ఆ బకెట్టు దగ్గర మెత్తబడింది, తర్వాత దారిలో మాట తీరే మారింది. సువార్తలో, యేసు పునరుత్థానమయ్యాక ఎమ్మావు ఊరి దారిలో నడిచిన ఇద్దరు శిష్యులకూ ఇంతే కదా. పక్కనే నడిచిన ప్రభువును వాళ్ళు గుర్తుపట్టింది రొట్టె విరిచినప్పుడు. దారిలో గుండె మండిన సంగతి ఆ తర్వాతే తలచుకున్నారు.

ఇందులో దారి తప్పే చోట్లు ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, మూడో అంగను పాపాల చిట్టాగా మార్చేయడం. పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) సిద్ధపడే అలవాటు బలంగా ఉన్నవాళ్ళు కృతజ్ఞత దాటేసి నేరుగా తప్పుల్లోకి దిగుతారు, రెండు రోజుల్లో విసిగి మానేస్తారు. అందుకే మొదటి అంగలో కనీసం మూడింటికి పేరు పెట్టి కృతజ్ఞత చెప్పమంటాం. "అన్నిటికీ వందనాలు" అంటే కుదరదు. మామిడి పూత వాసన, బావినీళ్ళు, నొప్పి పెట్టని మోకాలు, ఇలా విడివిడిగా చెప్పాలి.

రెండోది, అనుకూలమైన ప్రతిదాన్నీ సూచనగా తీసుకోవడం. రాత్రి పడుకోవడానికి "మనకు చోటు దొరికింది, దేవుడే ఇచ్చాడు" అంటాం. వరండాలో చోటు దొరకని కుటుంబాన్ని ఆయన కాదన్నాడా? నా సుఖం పెరిగిందా అన్నది ఇక్కడ కొలత కాదు. ప్రేమ, ఓర్పు, నమ్మకం పెరిగాయా అన్నదే కొలత. ఒక్కోసారి చోటు దొరకకపోవడమే వాటిని పెంచుతుంది.

మూడోది నిద్ర. ఇరవై కిలోమీటర్లు నడిచి, అన్నం తిని, పడుకుని కళ్ళు మూసుకుంటే రెండో అంగ దాటం. అన్నానికి ముందే, గోడకు ఆనుకోకుండా కూర్చుని చేయాలి.

ఏమీ కనబడని రోజులూ ఉంటాయి. అలాంటప్పుడు కనబడినట్టు కల్పించుకోకూడదు. "ఈ రోజు మీరు నాకు కనబడలేదు ప్రభూ" అని చెప్పి పరలోక జపం చెప్పుకుంటే అది పూర్తి ప్రార్థనే.

మూడో రోజు నిడమానూరు, ప్రసాదంపాడు, రామవరప్పాడు దాటేసరికి జనం చిక్కబడతారు. 1924లో ఫాదర్ అర్లాటి మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించిన ఈ కొండకు పండుగ రోజుల్లో లక్షల మంది వస్తారు. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలుపులు. పెద్దవాళ్ళున్నవాళ్ళు సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ కొండెక్కే దారి) తెల్లవారకముందే ఎక్కితే మేలు. మాత స్వరూపం ఉన్న గుహ దగ్గర క్యూలో గంటలు పడుతుంది. ఆ తోపులాటను ప్రార్థనకు అడ్డంకి అనుకోవద్దు, రాత్రి పరిశీలనలో ముందు నిలబడేది అదే. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దులో, మరియతల్లి దర్శనం పొందిన బెర్నదెత్తు అనే అమ్మాయి గుహ దగ్గరికి వెళ్ళింది ప్రార్థనకు కాదు, ఇంట్లో పొయ్యికి కట్టెపుల్లలు ఏరుకోవడానికి.

ఇంటికి చేరాక ఊళ్ళ పేర్లు ఉండవు కాబట్టి వేరే గుర్తులు పెట్టుకోవాలి: పాలవాడు, పిల్లల క్యారేజీలు, ఆఫీసు, సాయంత్రం కూరగాయల బండి, రాత్రి ఫోన్లు. ఒక్కో గుర్తు దగ్గర అవే రెండు ప్రశ్నలు. చిన్న నోటుబుక్కులో రోజుకు ఒక్క వాక్యం, తేదీతో. వ్యాఖ్యానం వద్దు, జరిగింది రాస్తే చాలు. నెలాఖరున కూర్చుని ముప్పై వాక్యాలూ వరసగా చదవాలి. ఏ మనిషి పేరు మాటిమాటికీ వస్తోందో, ఏ గంటలో మనసు ముడుచుకుంటోందో అప్పుడు తేలుతుంది. ఆ కాగితాలు పట్టుకుని మీ విచారణ గురువుల (మీ చర్చి ఫాదర్) దగ్గర కూర్చుని మాట్లాడండి.