బ్రాడీపేట 4/14

విజయవాడలో వెబ్ డిజైనర్ల సదస్సులో మాట్లాడమని పిలిచినవాళ్లు అక్కడే హోటల్లో గది ఇస్తామన్నారు. నేను వద్దని, ముందురోజు పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరు వెళ్లి దిగాను. బ్రాడీపేటలో మా పిన్ని ఉంది. పక్క ఊరి దాకా వచ్చి హోటల్లో పడుకున్నానని తెలిస్తే ఏ పెళ్లిలో కలిసినా ఆ ప్రస్తావన తప్పదు.

గుంటూరు వాళ్లకు బ్రాడీపేట, అరండల్‌పేటల సంగతి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఇక్కడ ఒక వైపు వీధులు లైన్లు, వాటికి అడ్డంగా పోయేవి అడ్డరోడ్లు. రెండింటికీ వరుసగా అంకెలే. ‘నాలుగు బై పద్నాలుగు’ అంటే నాలుగో లైనూ పద్నాలుగో అడ్డరోడ్డూ కలిసే చోటు. ఆటో ఎక్కి ఆ రెండంకెలు చెబితే సరి. పక్కన గుడి ఉందా, ఎదురుగా మందుల షాపు ఉందా అన్న విచారణ ఉండదు. దారి తప్పినా, దాటుతున్న వీధుల అంకె పెరుగుతోందో తగ్గుతోందో చూసుకుంటే ఎటు తిరగాలో తెలిసిపోతుంది. వెబ్‌సైటులో దారులు ఎలా ఉండాలో చెప్పడానికి మేము బొమ్మలు గీసి చూపిస్తూ ఉంటాం. ఈ పేటలో ఒక సాయంత్రం తిప్పితే సరిపోతుంది.

పిన్ని ఆవకాయ, గోంగూర, పండుమిరపకాయ పచ్చళ్లు ఊళ్లకు కొరియర్‌లో పంపుతుంది. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో మర్నాటి పార్శిల్ నమోదు చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. చిరునామా గడిలో 4/14 అని కొట్టగానే ఎర్రక్షరాలు వచ్చాయి: ప్రత్యేక అక్షరాలు చెల్లవు.

‘‘మరి ఏం చేస్తావు పిన్నీ?’’

‘‘మొదట్లో అడ్డగీత పెట్టి 4-14 అని కొట్టేదాన్నిరా. పార్శిల్ తీసుకెళ్లడానికొచ్చే కుర్రాడు అది డోర్ నంబరనుకుని ఊరంతా తిరిగేవాడు. ఇప్పుడు బై అని అక్షరాల్లోనే రాస్తున్నా. అది ఒప్పుకుంటుంది.’’

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. గుంటూరులో డోర్ నంబర్లు 5-37 అంటూ అడ్డగీతలతోనే ఉంటాయి. ఏటవాలు గీతకు ఒక అర్థం, అడ్డగీతకు ఇంకో అర్థం. ఊరంతా తేడా తెలిసి వాడుకుంటున్న ఆ గుర్తును, ఎక్కడో కూర్చుని ఫారం రాసినవాడు చెత్త కింద జమకట్టేశాడు. వాడుక సౌలభ్య నిపుణుడు యాకోబ్ నీల్సన్ 1994లో ఇచ్చిన పది సూత్రాల్లో రెండోది, వ్యవస్థ వాడుకరుల భాషలో మాట్లాడాలన్నది. మా వృత్తిలో అది కంఠతా రానివాడు లేడు. పాటించేవాడు కనబడితే మాత్రం సన్మానం చేయాలి.

ఆ రాత్రే నా ప్రసంగంలో రంగుల గురించిన సగభాగం తీసేసి పిన్ని ఫారాన్ని పెట్టాను. స్లైడ్లను ఎప్పటిలాగే పీడీఎఫ్‌గా దాచుకున్నాను. ఫాంటును ఫైలులోనే పొదగకపోతే, హాల్లోని కంప్యూటర్ తెలుగు వత్తులను విడగొట్టి ఎక్కడెక్కడో పడేస్తుంది.

పొద్దున బస్సులో మంగళగిరి దాటేసరికే ఎండ చురుక్కుమంది. నిర్వాహకులు ఫోన్‌కు పంపిన కార్యక్రమ పత్రం లేతబూడిద అక్షరాల్లో ఉంది. కిటికీ పక్కన ఒక్క ముక్క కనబడలేదు. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని చూపు తక్కువవారు కూడా చదవగలిగేలా పెట్టిన వెబ్ అందుబాటు ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి. బెజవాడ ఎండకు అదీ చాలదనుకుంటాను. వారధి మీద కృష్ణ దాటుతూ ఇంద్రకీలాద్రికి దణ్ణం పెట్టుకుని, బస్టాండులో దిగి ఆటో ఎక్కాను.

హాలు నిండింది. పిన్ని కథకు నవ్వారు గానీ, అసలు సంగతి ప్రశ్నల దగ్గర మొదలైంది. ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని లేచి, ‘‘అలాంటి గుర్తులను రానిస్తే, వాటితో ఆదేశాలు దూర్చి డేటాబేస్‌పై దాడులు చేయరా సార్?’’ అని అడిగింది. మంచి ప్రశ్న. ఈ నిషేధాల్లో చాలావరకు ఆ భయంతో పుట్టినవే. కానీ గుర్తులను తరిమేస్తే రక్షణ రాదు. వాడుకరి రాసినదాన్ని ఆదేశంలో అతికించకుండా విడిగా, విలువగా మాత్రమే డేటాబేస్‌కు అందించాలి. తెరపై చూపేటప్పుడు దాన్ని కోడ్‌గా నడవనివ్వకూడదు. అప్పుడు ఏ గీత వచ్చినా అది గీతగానే ఉంటుంది. పంపేటప్పుడు నిక్కచ్చిగా, తీసుకునేటప్పుడు ఉదారంగా ఉండమని ఇంటర్నెట్ తొలి రూపశిల్పుల్లో ఒకడైన జాన్ పోస్టెల్ 1980లో ఇంటర్నెట్ నియమాల్లోనే రాశాడు. ఆయన చెప్పింది యంత్రాల మధ్య మర్యాద గురించి. మనుషుల దగ్గర అది ఇంకా ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

తరువాత ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం నడిపే పెద్దాయన మైకు అందుకున్నారు. ఆయన ఇంటిపేరును రెండక్షరాల పొడి రూపంలోనే రాస్తారట. చివరి పేరుకు కనీసం మూడక్షరాలు ఉండాలని ఓ ఫారం తిప్పికొట్టింది. మనకు ఇంటిపేరు ముందు, పాశ్చాత్యులకు చివర. ఆ తికమక ఎటూ ఉంది, పైన ఈ లెక్కొకటి. వీలైనచోట పూర్తి పేరుకు ఒకే గడి ఇవ్వడం మేలని వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం సలహా. ఆధార్‌లో ఉన్నదీ ఒకే గడి.

‘‘మా బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ నిబంధన ఉంది బాబూ. తీయించాలంటే ఎంతవుతుంది?’’

‘‘ఒక్క లైను తీసేయడమే అండీ. పరీక్షించి చూసుకున్నా పూట పని.’’

ఆయన మైకు పక్కవాళ్లకు ఇవ్వబోయి, మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకున్నారు. ‘‘మావాడు కొత్త వెర్షన్ కొనాలంటున్నాడే!’’